అంబాసిడర్, పద్మిని: బరువు మరిచిపోతే లెక్క తప్పుతుంది



ఒక మౌఖిక పరీక్షలో మమ్మల్ని ఇట్లా అడిగారు: "ఒక కారుకు 50 అశ్వశక్తి, ఇంకో కారుకు 40. ఏది చురుకుగా వేగం అందుకుంటుంది?" "50దే సార్" అని టక్కున చెప్పాం. "బరువు అడగవా బాబూ?" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. కారు బరువు ఎంతో ఇంటి దగ్గర చెప్పేవాళ్ళెవరు? ఆ సీటు రాలేదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు కవిత కాకుండా ఈ పాఠం రాస్తున్నాం.

ఆ రెండు కార్లు మన పెద్దలు ఎరిగినవే. అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1957లో మొదలుపెట్టి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా తయారుచేశారు. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చింది, ముంబాయి కుర్లాలో తయారైంది. పద్మిని అని పేరు పెట్టినా మనవాళ్ళు ఫియట్ అనే పిలిచారు. ముంబాయి టాక్సీల్లోంచి అది 2023 అక్టోబరులో తప్పుకుంది.

ఇక లెక్క. పాత పెట్రోలు అంబాసిడర్ ఇంజను 1489 సి.సి., సుమారు 50 అశ్వశక్తి, బరువు 1100 కిలోల పైచిలుకు. పద్మిని ఇంజను 1089 సి.సి., సుమారు 40 అశ్వశక్తి, బరువు 895 కిలోలు. బరువును అశ్వశక్తితో భాగించండి. రెండింటికీ ఒక్కో అశ్వశక్తి మీద పడే బరువు 22 కిలోల చిల్లరే! అంటే ఖాళీగా ఉంటే రెండూ దాదాపు సమానం. పది అశ్వశక్తి తేడాను బరువు తినేసింది.

ఇప్పుడు బాసరకు రండి. చంటిపిల్ల అక్షరాభ్యాసానికి నిజామాబాద్ నుంచి టాక్సీలో ఒక్క అమ్మానాన్నే రారు కదా! అమ్మమ్మ, మేనమామ, పలకలు, బియ్యం మూట అన్నీ వస్తాయి. డ్రైవరుతో కలిపి 400 కిలోలు అనుకుందాం. పద్మిని 1295 కిలోలై, అశ్వశక్తికి 32 కిలోలు దాటుతుంది. అంబాసిడర్ 1500 దాటినా 30 చిల్లర దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే అదే 400 కిలోలు పద్మిని సొంత బరువులో 45 శాతం, అంబాసిడర్ బరువులో 36 శాతమే.

ఇంకో సంగతి. అంబాసిడర్ తన పూర్తి శక్తిని నిమిషానికి 4200 చుట్ల దగ్గరే ఇస్తుంది, పద్మినికి 4800 చుట్లు కావాలి. నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు ఇది తెలుస్తుంది. పొడవు కూడా 4325 మిల్లీమీటర్లకు 3930. ఇరుకు సందులో మాత్రం పద్మినిదే పైచేయి. అందం సంగతంటారా, మా ఓటు పద్మినికే!

ఒక లెక్క మీకు వదిలేస్తున్నాం. 1983లో వచ్చిన మారుతి 800కు సుమారు 37 అశ్వశక్తి, 650 కిలోల బరువు తీసుకోండి. ఖాళీగా ఒకసారి, 400 కిలోలతో ఒకసారి చేయండి. జవాబు చూసి కంగారుపడకండి, ఆ మూటలన్నీ దాంట్లో పడతాయా అని కూడా ఆలోచించండి. నోటుబుక్కులో వేసి పెట్టండి, సెలవులకు వచ్చినప్పుడు చూస్తాం.