ఏడేళ్ళు నలభై తొమ్మిది



ఒకసారి తెలుగు తరగతిలో ఒక అబ్బాయిని నలభై తొమ్మిదో పేజీ తియ్యమన్నాం. మా వైపే చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న అమ్మాయి "ఉన్‌చాస్" అని చెవిలో చెప్పగానే గబగబా తిప్పాడు. బదిలీల మీద ఊళ్ళు తిరిగే ఇళ్ళలో తెలుగు ముందుగా జారిపోయేది అంకెల దగ్గరే. అదే నలభై తొమ్మిదిని లెక్కపెట్టడమే ప్రార్థనగా పెట్టుకున్నవారు యూదులు. ఈసారి ఆ సంగతి చదువుదాం.

ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలైనందుకు యూదులు జరుపుకొనే పండుగ పస్కా. దాని రెండో రాత్రి మొదలుపెట్టి 49 రాత్రులు లెక్కిస్తారు. యాభయ్యో రోజు షావూఓత్, అంటే వారాల పండుగ. సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందింది ఆ రోజేనని వారి నమ్మకం. ఈ లెక్కకు ఓమెరు లెక్క అని పేరు. ఓమెరు అంటే మన కుంచం, మానిక లాగా ధాన్యం కొలత. పూర్వం యెరూషలేము ఆలయంలో కొత్త యవలు ఒక ఓమెరు అర్పించినప్పుడు లెక్క మొదలయ్యేది, గోధుమ పంట వేళకు ముగిసేది. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చేశారు. అర్పణ ఆగింది, లెక్క ఆగలేదు.

యూదులకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది. అందుకే చీకటి పడ్డాక నిలబడి, లెక్కించమని ఆజ్ఞాపించిన దేవుణ్ణి స్తుతిస్తూ చిన్న ఆశీర్వచనం చెబుతారు. వెంటనే సంఖ్య. ఎనిమిదో రాత్రయితే ఎనిమిది రోజులని చెప్పి, ఒక వారమూ ఒక రోజూ అని కూడా కలపాలి. ఆశీర్వచనానికి ముందు ఎవరైనా "ఇవాళ ఎన్నోది?" అని అడిగితే "నిన్న ఏడు" అంటారు! సంఖ్య నోరు జారితే అదే లెక్కయిపోతుందని జాగ్రత్త.

రాత్రి మరిచిపోతే మర్నాడు పగలు, ఆశీర్వచనం లేకుండా, లెక్కించవచ్చు. పగలూ మరిచిపోతే? ఇక్కడే పాత పండితులు వాదించుకున్నారు. 49 రోజులూ కలిసి ఒకే విధి, ఒకటి పోతే అంతా పోయినట్టే అని కొందరు. ఏ రాత్రి విధి ఆ రాత్రిదే అని మరికొందరు. చివరికి ఆచారం మధ్యన నిలిచింది: అప్పటి నుంచి ఆశీర్వచనం మానేస్తారు, లెక్క మాత్రం మానరు. నవంబరులో వేరే రాష్ట్రం నుంచి వచ్చి తరగతిలో చేరినవాళ్ళకు ఈ వాదం ఇట్టే అర్థమవుతుంది.

తెలుగు చెప్పి బతికేవాళ్ళం కాబట్టి మాకు అన్నిటికన్నా నచ్చిన నియమం వేరే ఉంది. ఏ భాషలోనైనా లెక్కించవచ్చు, కానీ అది అర్థం తెలిసిన భాషై ఉండాలి. అర్థం తెలియకుండా అప్పజెబితే, పవిత్రమైన హీబ్రూలో చెప్పినా సరే, లెక్కకు రాదని 17వ శతాబ్దంలో పోలండు పండితుడు అబ్రహాం గొంబినెర్ రాశాడు.

హీబ్రూలో అక్షరాలే అంకెలు. మేము కొచ్చిలో పనిచేసినప్పుడు మట్టంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం చూడబోతే, అక్కడి గడియార స్తంభం మీద ఒక వైపు గంటలన్నీ హీబ్రూ అక్షరాల్లోనే ఉన్నాయి. లామెద్ అంటే 30, గిమెల్ అంటే 3. రెండూ కలిపి పలికితే లగ్. ముప్పై మూడో రోజును లగ్ బఓమెర్ అని పిలిచి, ఆ రాత్రి పిల్లలూ పెద్దలూ మంటలు వేసుకుని పాడుకుంటారు.

అభ్యాసం: ఇది ముప్పై తొమ్మిదో రాత్రి అనుకోండి. రోజులెన్నో, వారాలెన్నో, పైన మిగిలిన రోజులెన్నో నోటితో తెలుగులో చెప్పండి. పక్కవాళ్ళు హిందీలో అందిస్తే వినకండి.