శీతకాలపు అరేబియా సముద్రంలో తెలుగు జాలరులు

శ్రావణ పూర్ణిమనాడు సౌరాష్ట్ర తీరంలోని ఖార్వా జాలరులు సముద్రునికి కొబ్బరికాయ సమర్పించి వేటకు బయలుదేరడం ఆచారం. ఇంచుమించు ఆ రోజులలోనే శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల, గార మండలాల తీరగ్రామాలలో రైలు ప్రయాణానికి మూటలు కట్టుకునే సందడి మొదలవుతుంది. ఇంటివద్ద గంగమ్మకు మొక్కుకొని బయలుదేరిన యువకులు దేశాన్ని తూర్పునుంచి పడమటికి దాటి వెరావల్ రేవులో దిగుతారు. అక్కడి బోట్ల యజమానులు ఖార్వాలు. వాటిపై పనిచేసే కళాసీలలో పెద్దభాగం తెలుగువారు. ఒకే బోటుమీద గుజరాతీ, హిందీ, తెలుగు కలిసిన ఒక పనిభాష కొన్ని వారాలలోనే తయారవుతుంది. బోటును నడిపించే పెద్దను అక్కడా ఇక్కడా కూడా ‘తండేలు’ అనే అంటారు.

బంగాళాఖాతం ఇంటి ముందే ఉండగా ఇంత దూరం ఎందుకు పోవాలి? శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. కాని పెద్ద మరపడవలు నిలిచే రేవు చిరకాలం లేకపోయింది. తెప్పలను, చిన్న పడవలను అలల ఉద్ధృతిలోంచి నేరుగా ఇసుకమీదికి చేర్చవలసిందే. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అది తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తీరవాసుల జ్ఞాపకాలలో ఇంకా ఉన్నది. ఇందుకు భిన్నంగా గుజరాత్ తీరంలో సముద్రపు అడుగు చాలా దూరం వరకు తక్కువ లోతుతో విశాలంగా సాగుతుంది. అడుగున వల ఈడ్చే బోట్లకు అంతకంటె అనుకూలమైన చోటు మన దేశంలో అరుదు.

శీతకాలంలో ఆ సముద్రం మరింత ఫలవంతం కావడానికి ప్రకృతిలోనే ఒక కారణమున్నది. సాధారణంగా చలికాలమంటే సస్యం మందగించే కాలమని అనుకుంటాము. ఉత్తర అరేబియా సముద్రంలో జరిగేది ఇందుకు విరుద్ధం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్య దిక్కునుంచి చల్లని పొడిగాలులు భూమిమీదుగా సముద్రంపైకి వీస్తాయి. వాటి వల్ల పైనీరు ఆవిరై, చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. దాని స్థానంలోకి లోతులలోని నీరు పోషకలవణాలతో పైకి వస్తుంది. పొయ్యిమీది కుండలో నీరు కిందినుంచి వేడెక్కి తిరుగుతుంది కదా. ఇక్కడ పైనుంచి చల్లబడి తిరుగుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1990 దశకంలో ఈ క్రమాన్ని స్పష్టంగా వివరించారు. పైకి వచ్చిన పోషకాలతో కంటికి కనిపించని వృక్షప్లవకాలు విస్తారంగా పెరుగుతాయి. వాటిని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే చేపలు వరుసగా సమృద్ధి చెందుతాయి. చలిగాలికి వణుకుతూ వల లాగే కళాసీ చేతికి చేప దొరుకుతున్నదంటే, అందులో ఆ చలిగాలి పాత్ర కూడా ఉన్నదన్నమాట.

వేటలోని కష్టాన్ని దూరంనుంచి ఊహించడం సులభం కాదు. బోటుమీద ఉండేది ఆరుగురు, ఎనిమిదిమంది. ఐసు, నూనె, బియ్యం, మంచినీరు నింపుకొని బయలుదేరితే తిరిగి రేవు చూసేది పది పదిహేను రోజుల తరువాతే. వల నీటిలో ఉండేది రెండు మూడు గంటలు. ఆపైన యంత్రంతో దానిని పైకి లాగి, చేపలను తట్టమీద కుమ్మరించి, మళ్ళీ వెంటనే దించాలి. దించిన వల నిండేలోగా ముందు పడిన సరుకును వేరుచేయాలి: రొయ్యలు ఒకచోట, స్క్విడ్ ఒకచోట, చందువాలు, వెండిపట్టీల వలె మెరిసే రిబ్బను చేపలు ఇంకొకచోట. ఆ తరువాత ఐసుగదిలోకి దిగి పొరలు పొరలుగా పేర్చాలి. మిగిలిన సమయమే నిద్ర. పగలు, రాత్రి అనే తేడా లేకుండా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

గుజరాత్ తీరపు చలి హిమాలయాల చలి వంటిది కాదు. అయినా తడి బట్టలు, తెరపిలేని గాలి, చేతినిండా ఐసు కలిసినప్పుడు అది ఎముకలను కొరుకుతుంది. ఉప్పునీటికి పగిలిన వేళ్ళలో జెల్ల చేప ముల్లు దిగితే చేయి మోచేతివరకు వాస్తుంది. టేకు చేప తోకముల్లు అంతకంటె ప్రమాదకరం. వైద్యుడు ఒడ్డున ఉంటాడు. ఒడ్డు ఒకటి రెండు రోజుల దూరంలో ఉంటుంది. శీతకాలంలో అరేబియా సముద్రం ప్రశాంతమన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 2017 నవంబరు చివరలో పుట్టిన ఒఖీ తుపాను కేరళ, తమిళనాడు జాలరులను పెద్దసంఖ్యలో బలిగొని, డిసెంబరు మొదటివారంలో గుజరాత్ వైపు సాగి అక్కడ బలహీనపడింది.

ఇంత కష్టంలోనూ ఆ సముద్రానికి ఒక సౌందర్యమున్నది. అది విశ్రాంతి తీసుకునేవారికంటె పనిచేసేవారికే ఎక్కువ కనబడుతుంది. శీతకాలపు చివరినెలలలో ‘నాక్టిల్యూకా’ అనే సూక్ష్మజీవి అరేబియా సముద్రపు ఉత్తరభాగంలో కోట్లకొద్దీ పెరుగుతుంది. పగలు నీరు పచ్చగా కనబడుతుంది. రాత్రి నీటిని కదిలిస్తే చాలు, నీలికాంతి వెలుగుతుంది. చీకటిలో పైకి వస్తున్న వల అంచులన్నీ వెలుగుతూ కనిపిస్తాయి. బోటు వెనుక కాంతిరేఖ ఒకటి సాగుతుంది. ఈ జీవి మరీ విస్తరించడం చేపలకు మంచిది కాదేమోనన్న అనుమానం శాస్త్రజ్ఞులలో ఉన్నది. ఆ అందాన్ని చూచేటప్పుడు ఈ మాటను మరువరాదు.

ఆకాశం సంగతి వేరు. డిసెంబరు నడిరాత్రి గొల్లకావడి నడినెత్తికి చేరువగా వస్తుంది. పిల్లలకోడి అప్పటికే పడమటికి ఒరిగి ఉంటుంది. మన పల్లెలలో పెద్దలు రాత్రి పొద్దు తెలుసుకున్నది ఈ చుక్కలతోనే. వెరావల్ శ్రీకాకుళానికంటె రెండున్నర డిగ్రీలు ఉత్తరాన ఉన్నందున ధ్రువనక్షత్రం అక్కడ ఆ మేరకు పైకి కనబడుతుంది. తెల్లవారేసరికి ఉత్తరదేశాలనుంచి వలసవచ్చిన సముద్రపు పక్షులు బోటు చుట్టూ ముసురుతాయి. అదే కాలంలో వ్హేల్ షార్క్ అనే అతి పెద్ద చేప కూడా సౌరాష్ట్ర తీరానికి వస్తుంది. ఒకప్పుడు దానిని కొక్కేలకు పీపాలు కట్టి వేటాడేవారు. 2001లో ప్రభుత్వం దానికి చట్టరక్షణ కల్పించింది. ఆ తరువాత జరిగిన ప్రచారం ఫలితంగా, అది వలలో చిక్కితే జాలరులు స్వయంగా వల కోసి విడిచిపెట్టడం ఆరంభమైంది. వేలరూపాయల వలను కోయడం పేదవానికి చిన్న విషయం కాదు.

ఒడ్డున కూడా ఇది ఎండుచేపల కాలం. జాఫరాబాద్ ప్రాంతంలో బొంబిల్ చేపలను రెండేసి చొప్పున దవడలు పెనవేసి వెదురు దండేలమీద ఆరవేస్తారు. ఒంటినిండా నీరే అయిన ఆ మెత్తని చేప కొద్ది రోజులలోనే ఎండడానికి తోడ్పడేది ఆ ఈశాన్యపు పొడిగాలే.

వెరావల్‌కు వాయవ్యంగా సాగినకొద్దీ వేరొక భయం మొదలవుతుంది. భారత, పాకిస్థాన్‌ల మధ్య సర్ క్రీక్ వివాదం తెగనందున ఆ ప్రాంతపు సముద్రసరిహద్దు ఇంకా నిర్ణయం కాలేదు. నీటిమీద గీత కనబడదు. చేపలగుంపు వెంట పోతూనో, యంత్రం చెడి ప్రవాహంలో కొట్టుకుపోతూనో బోటు అవతలికి చేరవచ్చు. 2018 నవంబరు చివరలో గుజరాత్ బోట్లపై పనిచేస్తున్న ఇరవైమందికి పైగా తెలుగు జాలరులు ఈ విధంగానే పాకిస్థాన్ గస్తీదళానికి చిక్కారు. 2019 సంక్రాంతి వారికి కరాచీ జైలులో గడిచింది. ఊళ్ళో ఆడవారు చేపల గంపలు తలకెత్తుకొని సంసారాలు నడుపుతూనే, అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. 2020 జనవరిలో వారిలో ఇరవైమంది వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టారు.

ఇది ఒకవైపు కథ మాత్రమే కాదు. సింధు తీరపు పేదజాలరులు ఇదే రీతిగా భారతదేశపు జైళ్ళలో చిక్కుకుంటున్నారు. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఉభయదేశాలు ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిలో జాలరుల పేర్లు తప్పక ఉంటాయి. రెండు దేశాలూ ఆమోదించిన 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రచట్ట ఒడంబడికలోని 73వ అధికరణం, ప్రత్యేక ఆర్థికమండలంలో చేపలవేట నిబంధనలను మీరినందుకు, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష విధించరాదంటున్నది. తీరానికి దగ్గరగా ఉండే ప్రాదేశిక జలాలకు ఈ నియమం వర్తించదు. అందుచేత బోటు సరిగా ఎక్కడ పట్టుబడిందన్న ప్రశ్నమీదనే ఒక కుటుంబపు ఏడాది, రెండేళ్ళ జీవనం ఆధారపడుతున్నది. సరిహద్దే నిర్ణయం కానిచోట ఆ ప్రశ్నకు నికరమైన సమాధానం దొరకదు.

అదే 2020లో మరొక సంకటం ఎదురైంది. మార్చి చివర దేశమంతటా రాకపోకలు నిలిచిపోయినప్పుడు వేలాది తెలుగు జాలరులు వెరావల్ రేవులో బోట్లమీదనే చిక్కుపడ్డారు. ఇరుకైన తట్టమీద నిద్ర, అక్కడే వంట. ఏప్రిల్ నెలాఖరులో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు సంప్రదించుకొని బస్సులలో వారిని స్వగ్రామాలకు చేర్చాయి. ఆంధ్రదేశపు తీరగ్రామాలనుంచి పడమటి తీరానికి ఎంతమంది పోతున్నారో చాలామంది పట్టణవాసులకు తెలిసినది అప్పుడే.

నేడు తండేలు చేతిలో దిక్సూచికి తోడు ఉపగ్రహాల సాయంతో దారి చూపే పరికరం ఉన్నది. హైదరాబాదులో 1999లో స్థాపితమైన జాతీయ సముద్ర సమాచార కేంద్రం, సముద్రపు ఉష్ణోగ్రతను, నీటి రంగును ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు చేరే అవకాశమున్న చోట్లను ప్రాంతీయ భాషలలో జాలరులకు తెలియజేస్తున్నది. తీరం లేని నగరంనుంచి వెలువడిన ఆ సూచన వెరావల్ రేవులో గుజరాతీలో అందుతుంది. దానిని అనుసరించి ఖార్వా యజమాని బోటు సముద్రంలోకి సాగుతుంది. పుష్యమాసపు చీకటిలో, బోటు వెనుకభాగాన, శ్రీకాకుళం కుర్రవాడొకడు చేతులకు గుడ్డ చుట్టుకొని వలతాడు పట్టుకుంటాడు.