మామిడి లోడూ, మియాటా

చిరంజీవి మేనల్లుడికి,

ఫోన్లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు. అందుకే ఉత్తరం.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు ఇద్దరు కూర్చునే కారు కొన్నాడట్రా, రేపు మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి, డిక్కీలోనా?" అంది. ఆ డిక్కీలో ఆవిడ సూట్‌కేసు కూడా పట్టదని నేను చెప్పలేదు. నీ మెసేజ్ చదివాను. కారు 1995 మాజ్దా మియాటా, ఒహాయోలో తిరిగిన బండి, చేతిలో 1,500 డాలర్లు. ఆన్‌లైన్‌లో 600 డాలర్లకి కాయిలోవర్ల సెట్టు (స్ప్రింగూ షాకూ కలిసొచ్చేది) చూశావట, కారుని రెండంగుళాలు కిందికి దించుతావట. ఆర్డర్ ఇంకా పెట్టలేదన్నావు. పెట్టకు.

మీ తాతయ్యకి లారీ ఉండేదని నీకు తెలుసు. ఒక వేసవిలో నూజివీడు మామిడికాయల లోడు బాగా దొరుకుతోందని, ఆటోనగర్లో వెనక కమాన్ కట్టలకి చెరో పట్టీ అదనంగా వేయించారు. లారీ కుంగడం మానేసింది. నిటారుగా, దర్జాగా నిలబడింది. కాయలు మాత్రం దెబ్బలు తిని, నల్ల మచ్చలు పడి దిగాయి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ప్రతి గతుక్కీ వెనక చక్రాలు నేల విడిచి ఎగిరేవి. ఒకసారి హనుమాన్ జంక్షన్ దాటాక వాన తడి మీద బ్రేకు వేస్తే లారీ తోక పక్కకి తిరిగింది. నేను క్యాబిన్లోనే ఉన్నాను, పదేళ్ళవాణ్ణి. మర్నాడు మేస్త్రి ఆ పట్టీలు విప్పి పక్కన పడేస్తూ తాతయ్యని అన్న మాటలు ఇక్కడ రాయడం బాగోదు.

స్ప్రింగు గట్టిదైతే పట్టు పెరుగుతుందని నువ్వూ అనుకుంటున్నావు, అప్పుడు తాతయ్యా అదే అనుకున్నారు. టైరు నేలని తాకుతున్నంతసేపే నీకు బ్రేకూ, స్టీరింగూ ఉంటాయి. గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి వెళ్ళి మళ్ళీ వెంటనే నేలకి దిగాలి. సస్పెన్షన్‌కి ఉన్న అసలు పని అదే. కారు నేలకి ఆనుకున్నట్టు కనబడటం ఫొటోకి పనికొస్తుంది.

నీ చేతికొచ్చింది మామూలు కారు కాదురా. 1989లో షికాగో ఆటో షోలో మాజ్దా వాళ్ళు దాన్ని మొదటిసారి చూపించారు. బరువు టన్నుకి అటూ ఇటూ. ముందూ వెనకా బరువు దాదాపు సమానం. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్నీ పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పట్టుకుని ఉంటాయి. కారు వాలినప్పుడు కూడా టైరు వీలైనంత చదునుగా నేల మీద ఉండేట్టు ఆ చేతుల పొడవూ కోణమూ లెక్కకట్టి పెట్టారు. వాళ్ళ ముందు ఆదర్శంగా ఉన్నది 1962లో వచ్చిన లోటస్ ఎలాన్. దానికి స్ప్రింగులు మెత్తన, షాకులు మంచివి. అందుకే నీ కారు మలుపులో కొంచెం వాలుతుంది. వాలనీ. పట్టు తప్పబోతోందని నీ నడుముకి ముందుగా కబురు అందేది ఆ వాలడం వల్లే.

రెండంగుళాలు దించితే ఏమవుతుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు. ఆ కారులో చక్రం పైకి వెళ్ళడానికి ఉన్న జాగాయే తక్కువ. ఆ జాగా చివర్లో షాకు కడ్డీ చుట్టూ బంప్ స్టాప్ అని ఒక మెత్తటి దిమ్మ ఉంటుంది. కారుని దించావంటే ఉన్న జాగాలో సగం అక్కడే ఖర్చు. ఇక మలుపులో కారు వాలగానే బయటి చక్రం ఆ దిమ్మకి కొట్టుకుంటుంది. అంతవరకూ మెత్తగా ఉన్న స్ప్రింగు ఒక్కసారి రాయిలా మారినట్టే. ముందు చక్రం అలా కొట్టుకుంటే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతుంది, వెనక చక్రం కొట్టుకుంటే తోక జారుతుంది. మరీ దించితే కింది చేతులు అడ్డంగా ఉండాల్సినవి లోపలి కొసన కుంగి, బయటి కొసన పైకి లేస్తాయి. అప్పుడు రోల్ సెంటర్, అంటే కారు వాలేటప్పుడు తిరిగే బిందువు, బండి బరువు కేంద్రం కంటే ఎక్కువ దిగజారి, కారుని వాల్చే బలమే పెరుగుతుంది. వాలకూడదని దించినవాడికి ఇది తగిన శాస్తి.

నేను ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మిషిగన్ వచ్చిన రెండో ఏడు, నాకున్న పాత మియాటా స్ప్రింగుల్ని రంపంతో ఒక చుట్టు కోసేశాను. పైసా ఖర్చు లేదని సంబరం. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, పాత షాకులు దాన్ని అదుపు చెయ్యలేవు. ఫ్రీవే వంతెన మీద అతుకుల దగ్గర కారు బంతిలా ఎగిరేది. ఒక ర్యాంప్ మీద మలుపు మధ్యలో అతుకు తగిలి కారు ఎదురు దిక్కుకి తిరిగి నిలబడింది. వెనక ఎవరూ రాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. ఈ సంగతి మీ అమ్మకి తెలీదు. తెలియనక్కర్లేదు.

సరే, ఏం చెయ్యాలి? ముందు కొనడం కాదు, చూడటం. సీట్ల వెనక, టాప్ మడత కింద రెండు మూలలా నీళ్ళు దిగే గొట్టాలుంటాయి. అవి ఆకులతో పూడుకుపోతే నీళ్ళు తలుపుల కింది బాడీలోకి చేరి లోపల్నుంచి తుప్పు తినేస్తాయి. ఒహాయో రోడ్ల మీద మంచుకి చల్లే ఉప్పు బయట్నుంచి తింటుంది. వెనక చక్రాల ముందు, కింది అంచు దగ్గర వేలితో గట్టిగా నొక్కు. వేలు దిగితే నీ 1,500 డాలర్లు సస్పెన్షన్‌కి కాదు, వెల్డింగ్‌కి. దిగకపోతే దేవుడికి దణ్ణం పెట్టుకుని షాకుల మీద నూనె చెమ్మ ఉందేమో, బుష్షుల రబ్బరు పగిలిందేమో చూడు. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఎత్తు నాలుగు మూలలా కొలిచి రాసుకో. ఈ కాగితం తర్వాత పనికొస్తుంది.

డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు టైర్లు. ఇందులో బేరం లేదు. ఇప్పుడున్న వాటి పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూడు. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారం తయారైంది. గీతలు ఎంత లోతున్నా అలాంటి రబ్బరు ఎండిపోయి పెంకులా ఉంటుంది. నీ కారుకి ఫ్యాక్టరీ సైజు 185/60ఆర్14. ఆ 14 అంగుళాల్లో మంచి టైర్లు దొరకడం కష్టం. 15 అంగుళాల పాత చక్రాలు ఎవరి దగ్గరైనా కొని 195/50ఆర్15 వేయించు. మొత్తం ఎత్తు మొదటిదానికి 578 మిల్లీమీటర్లు, రెండోదానికి 576. స్పీడోమీటరుకి తేడా తెలీదు. చక్రాలతో కలిపి సగం డబ్బు పోతుంది, పోనీ. గాలి ఫ్యాక్టరీ లెక్క 26 పీఎస్ఐ, టైరు చల్లగా ఉన్నప్పుడు. మంచి గేజు ఒకటి కొని, టైరు అంచున సుద్దముక్కతో గీత గీసి, మలుపుల్లో ఎంతవరకూ చెరిగిందో చూస్తూ రెండేసి పీఎస్ఐ మార్చి చూడు. ఇంతకంటే చవకైన సస్పెన్షన్ మార్పు లోకంలో లేదు.

రెండోది అలైన్‌మెంట్. కింది చేతులు కారుకి తగిలే చోట ముందు నాలుగు, వెనక నాలుగు, మొత్తం ఎనిమిది క్యామ్ బోల్టులు ఉంటాయి. వాటిని తిప్పితే క్యాంబరు (చక్రం నిలువుగా వాలే కోణం), వెనక చక్రాలకి టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) కూడా మారతాయి. కొత్తగా ఏ పార్టూ కొనకుండా ఇంత సర్దుబాటు ఇచ్చే కార్లు తక్కువ. కానీ ముప్ఫై ఏళ్ళ ఉప్పుకి ఆ బోల్టులు బుష్షు లోపలి గొట్టానికి పట్టేసి ఉంటాయి. నిన్ను చూసి షాపువాడు పానా వేసి "కదలట్లేదు" అని చెప్పి డబ్బు తీసుకుంటాడు. కాబట్టి ముందే నువ్వు రోజూ చొచ్చుకుపోయే నూనె కొడుతూ ఉండు. కదిలాక గ్రీజు పూసి బిగించు. ముందు చక్రాల పైభాగం కొంచెం లోపలికి వాలేట్టు, టో దాదాపు సున్నా ఉండేట్టు పెట్టమని చెప్పు. టో తప్పితే కొత్త టైర్లు ఒక్క సీజన్లో గుండవుతాయి.

మిగిలిన డబ్బుతో షాకులు. బరువు మోసేది స్ప్రింగు, ఊగుడు ఆపేది షాకు. ఫ్యాక్టరీ స్ప్రింగులే ఉంచి కొత్త షాకులు వేసిన పాత మియాటాని ఒకసారి నడిపితే, 600 డాలర్ల కాయిలోవర్లు ఎందుకు వద్దన్నానో నీకే తెలుస్తుంది. కేవైబీ వాళ్ళ మామూలు రకం నీ జేబుకి సరిపోతుంది. కోనీ, బిల్‌స్టైన్ కొత్తవి నీకందవు, కానీ కార్లు విడదీసి అమ్మేవాళ్ళ దగ్గర వాడినవి దొరకొచ్చు. బిల్‌స్టైన్ కడ్డీ లోపలికి నొక్కి వదిలితే తనంతట తనే నెమ్మదిగా బయటికి రావాలి. రాకపోతే గ్యాసు పోయింది, తిరిగిచ్చెయ్. షాకు విప్పినప్పుడు బంప్ స్టాపులు కూడా మార్చు. అంత పాతవి చేతిలోనే పొడైపోతాయి.

ఈ పనిలో రెండు చోట్ల ప్రాణానికి ముప్పుంది. స్ప్రింగుని బిగించి పట్టే కంప్రెసర్‌ని పార్ట్స్ షాపులు డిపాజిట్ తీసుకుని అప్పిస్తాయి. దాని రెండు వైపులా మరలు సమానంగా తిప్పు, నీ మొహం స్ప్రింగు కొసకి ఎదురుగా పెట్టకు. జాకీ మీద మాత్రమే ఆగిన కారు కింద దూరకు. ఆటోనగర్లో ఎంత హడావిడిలోనైనా కుర్రాళ్ళు ఇరుసు కింద కర్ర దిమ్మ పెట్టేవాళ్ళు. నీకు నలభై డాలర్లకి స్టాండులు దొరుకుతాయి.

ఇంకొక సంగతి, చాలామంది మెకానిక్కులే చెయ్యరు. చేతుల బోల్టులు విప్పావనుకో, చక్రాలు గాలిలో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకు. బుష్షు రబ్బరు మధ్యలోని ఇనుప గొట్టాన్ని బోల్టు పట్టేస్తుంది, రబ్బరు మెలిపడి చక్రాన్ని కదలనిస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీదికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కారు ఎత్తుగా నిలబడుతుంది, కొన్ని నెలల్లో బుష్షు చిరుగుతుంది. చక్రాల కింద దిమ్మలు పెట్టి, నువ్వు రాసుకున్న ఎత్తుకి కారుని తెచ్చాకే బిగించు. అందుకే కొలవమన్నాను.

ముందు యాంటీ రోల్ బారు ఇప్పుడొద్దు. దాని బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 19 మిల్లీమీటర్లది తీసి 22ది వేస్తే బిగువు 80 శాతం దాకా ఎక్కువ. కారు స్వభావం మారిపోతుంది. ముందు ఇప్పుడున్న స్వభావం తెలుసుకో.

తెలుసుకోవడానికి రోడ్డు వాడకు. మీ ఊళ్ళో ఎస్‌సీసీఏ కార్ల క్లబ్బు వాళ్ళు ఖాళీ పార్కింగ్ స్థలాల్లో కోన్లు పెట్టి ఆటోక్రాస్ నడుపుతారు. ఒక్కో రన్ను నిమిషం అటూ ఇటూ. అందులో స్ట్రీట్ క్లాసుల్లో స్ప్రింగులు ఫ్యాక్టరీవే ఉండాలి, షాకులు మార్చుకోవచ్చు, ముందో వెనకో ఒక రోల్ బారు మార్చుకోవచ్చు. అంటే నేను చెప్పిన దారిలో వెళితే నువ్వు నీలాంటి కార్లతోనే పోటీ పడతావు. ఆ కాయిలోవర్లు వేస్తే నీకంటే పదింతలు ఖర్చు పెట్టినవాళ్ళ మధ్య పడతావు. మిగిలిన వంద డాలర్లు ఎంట్రీ ఫీజులకి ఉంచుకో. మొదటి రోజు ఎవరైనా పాతకాపుని పక్క సీట్లో కూర్చోమని అడుగు, కాదనరు.

థాంక్స్ గివింగ్‌కి నేనొస్తున్నాను. టార్క్ రెంచీ, పొడుగు పానా, అత్తయ్య చేసిన గోంగూర పచ్చడి తెస్తాను. ఈలోగా ఆ ఎనిమిది బోల్టులకీ రోజూ సాయంత్రం నూనె కొట్టు. వెనక ఎడమవైపుది ఎప్పుడూ మొండికేస్తుంది, దానికి రెండుసార్లు.

ఇట్లు,
మీ మావయ్య