లెక్కలోని వేగము – నేలమీది వేగము

విద్యార్థులారా! రిమోటు కారు పెట్టెపై గంటకు 24 కిలోమీటర్లని ముద్రించియుండగా, కారు అంత వేగముగా పోలేదని మన తరగతి బాలుడొకడు చిన్నబుచ్చుకొనెను. "పెట్టె అబద్ధమాడినదా, గురువుగారూ?" అని అడిగెను.

లెక్క వేసి చూతము. మోటారు నిమిషమునకు 20,000 సార్లు తిరుగునని కారుతో వచ్చిన కాగితములో ఉన్నది. పళ్లచక్రములు దానిని పదవ వంతుకు తగ్గించును. కావున కారు చక్రము 2,000 సార్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత 20 సెంటీమీటర్లు. అనగా నిమిషమునకు 400 మీటర్లు, గంటకు 24 కిలోమీటర్లు. ఇది లెక్కలోని వేగము.

పిమ్మట మైదానములో 20 మీటర్ల ఎడముగా రెండు గీతలు గీసితిమి. దూరమునుండి పరుగెత్తి వచ్చిన కారు ఆ గీతల నడుమ 4 సెకన్లలో సాగెను. అనగా గంటకు 18 కిలోమీటర్లు. ఇది నేలమీది వేగము.

తక్కిన 6 కిలోమీటర్లు ఏమైనవి? భారము లాగునపుడు మోటారు చుట్లు తగ్గును. బ్యాటరీ వోల్టేజి కొంత పడిపోవును. ఇరుసుల రాపిడి, ఎదురుగాలి, చక్రముల జారుడు వేగమును హరించును. పెట్టెపై లెక్క తప్పు కాదు. అది భారము లేని మోటారు లెక్క.

ఆ బాలుడు పెట్టెపై 24 ప్రక్కన 18 అని తానే వ్రాసికొనెను.

అభ్యాసము:
1. చక్రపు చుట్టుకొలత 25 సెంటీమీటర్లైనచో లెక్కలోని వేగమెంత?
2. చక్రము పెద్దదైనచో మోటారుకు భారము పెరుగునా, తగ్గునా?