పోయేవాడు, పోయాడు: ఫ్రెంచి ఏంపర్ఫే గురించి మనవరాలికి

గడిచిపోయిన పనిని దాని మొదలూ చివరా పట్టించుకోకుండా, సాగుతున్నప్పటి తీరులో చెప్పే కాలం ఫ్రెంచిలో ఏంపర్ఫే. అదే పనిని ముగిసిన లెక్కగా చెబితే పాసే కొంపోజే. నరసరావుపేట నుంచి మనవరాలు చిరంజీవి రాసిన ప్రశ్న ఈ సరిహద్దు మీదే ఉంది: ఏడేళ్ళు సాగిన పనికి ఏంపర్ఫే వాడితే టీచరు ఎందుకు కొట్టేశారని. కొట్టేసినవారిదే ఒప్పు. పని ఎంతకాలం నడిచిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, దానికి హద్దు గీశారా లేదా అన్నదే లెక్క. యానాం 1954 జూన్ దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న తెలుగు ఊరు. "1950లో యానాం ఫ్రెంచివాళ్ళది" అంటే హద్దు లేదు, కాబట్టి "ఏతె", ఏంపర్ఫే. "ఫ్రెంచివాళ్ళు 1954 దాకా యానాన్ని ఏలారు" అన్నప్పుడు "దాకా" అనే మాటే గట్టు కట్టేసింది. ఏలుబడి రెండు వందల ఏళ్ళకు పైబడినా సరే, అక్కడ "ఒఁ గువెర్నే" అనాలి, పాసే కొంపోజే.

రూపాలు కట్టుకోవడం దగ్గర తడబడటానికి కారణమేమీ లేదు. గైడు పుస్తకంలోని పట్టికలు వరసగా బట్టీ పట్టినందుకు మాత్రం చిరంజీవికి చివాట్లు తప్పవు. ఒక్కో క్రియకు ఆరు రూపాల చొప్పున నలభై క్రియలు బట్టీ పట్టే ఓపిక ఉన్న పిల్ల, వర్తమానకాలంలో "ను" రూపం ఒక్కటి గట్టిగా నేర్చుకుంటే ఆ పట్టికలన్నీ మూసేయవచ్చు. "ను" అంటే మేము, మనము. "ను పర్లొఁ", మేము మాట్లాడతాం. చివరి "ఒఁ" తీసేస్తే మిగిలే "పర్ల్" మీదే ఏంపర్ఫే అంతా నిలబడుతుంది: జ పర్లె, త్యు పర్లె, ఇల్ పర్లె, ను పర్లియొఁ, వు పర్లియే, ఇల్ పర్లె. (తెలుగు లిపికి ఈ పలుకులు దాదాపుగానే చిక్కుతాయి. అరసున్న ఉన్నచోట అచ్చు ముక్కులోంచి రావాలి.)

"ను" రూపాన్నే ఎందుకు పట్టుకోవాలో వంకర క్రియల దగ్గర తేలిపోతుంది. తాగడానికి మూలరూపం "బ్వార్". దాన్ని చూస్తే ఏంపర్ఫే ఎలా ఉంటుందో ఊహకు అందదు. "ను బ్యువొఁ" తెలిసినవాళ్ళకు "జ బ్యువె" దానంతటదే వస్తుంది. తీసుకోవడం "ప్రాఁద్ర్", మేము తీసుకుంటాం "ను ప్రనొఁ", అక్కణ్ణుంచి "జ ప్రనె". ముగించడం "ఫినీర్", "ను ఫినిసొఁ", "జ ఫినిసె". చేయడం "ఫెర్", "ను ఫజొఁ", "జ ఫజె". ఈ చివరిదాన్ని రాతలో చూసి "ఫెజె" అని చదివేవాళ్ళు ఎక్కువ, పలుకులో అది "ఫజె"యే. ఈ పద్ధతికి లొంగని క్రియ ఫ్రెంచి మొత్తంలో ఒక్కటే, ఉండటం అనే "ఎత్ర్". దాని మొదలు "ఏత్", రూపం "జేతె". వాన పడటం, అవసరం కావడం అనే క్రియలకు "మేము" రూపమే ఉండదు కాబట్టి "ఇల్ ప్లవె", "ఇల్ ఫలె" అన్న రెండింటిని ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవడమే.

పలుకులో ఇంత తేలికైనది రాతలో కొంచెం తిప్పలు పెడుతుంది. ఆరు రూపాల్లో నాలుగు చెవికి ఒకటే, కాగితం మీద మాత్రం వేరు. నేను, నువ్వు అన్నవాటికి చివర ఎ-ఐ-ఎస్, అతనికి ఎ-ఐ-టి, వాళ్ళకు ఎ-ఐ-ఇ-ఎన్-టి. మేముకు ఐ-ఓ-ఎన్-ఎస్, మీరుకు ఐ-ఇ-జెడ్. డిక్టేషన్లో మార్కులు పోయేది ఇక్కడే. కర్త ఎవరో చూసుకోకుండా చెవిని నమ్మి రాస్తే తప్పు పడి తీరుతుంది. తినడం అనే "మాఁజే"లో "మాఁజె" అన్నప్పుడు జి తర్వాత ఇ అక్షరం నిలుపుకోవాలి, లేకపోతే జి కాస్తా "గ" అయిపోతుంది. "ను మాఁజియొఁ"లో ఐ అక్షరమే ఆ కాపలా కాస్తుంది, ఇ అక్కర్లేదు. మొదలుపెట్టడం అనే క్రియలో సి కింద పెట్టే తోక కూడా ఈ కాపలా కోసమే. చదవడం అనే "ఏత్యుదియే"కి "మేము" రూపంలో ఐ పక్కన ఇంకో ఐ రాయాలి. చిరంజీవి ఒకటి ఎగరగొట్టింది.

వాడుక దగ్గరికొస్తే, తెలుగు పిల్లలకు ఇంగ్లీషు వైపు చూడాల్సిన పని లేదు. పోయేవాడు, పోయాడు అనే తేడా ఇంట్లోనే ఉంది. సాగర్ కుడికాలువ రాకముందు పల్నాటి రైతు వానకోసం ఎదురుచూసేవాడు, "అతాఁదె". మెట్ట పైరు వేసేవాడు, "సమె". 1967లో కాలువకు నీళ్ళొదిలారు, "ఆ లాషే". మొదటి రెండూ ఏంపర్ఫే, మూడోది పాసే కొంపోజే. రెంటచింతల ఎండ గురించి చెప్పేటప్పుడు కూడా "ఇల్ ఫజె షో" అంటూ ఏంపర్ఫేతోనే మొదలుపెట్టాలి. ఎండా గాలీ, మనుషుల వయసూ వేషం, ఇంటి తీరూ అన్నీ దీని పాలే.

రెండు కాలాలూ కలిసి నడిచే తీరు చూడటానికి పల్నాటి కథకన్నా మంచి పాఠం దొరకదు. నాగమ్మ గురజాలలో మంత్రిగా ఉండేది: "ఏతె మినిస్త్ర్". నలగామరాజు ఆమె మాట వినేవాడు: "లెకూతె". ఇప్పటిదాకా కథ కదల్లేదు, రంగం మాత్రం సిద్ధమైంది. ఒకనాడు కోడిపందెం పెట్టారు, ఎదుటి పక్షమైన మాచర్లవాళ్ళు ఓడిపోయారు: "ఒఁ పెర్ద్యు". కథ కదిలింది, కాలం మారింది. ఓడినవాళ్ళు ఏడేళ్ళు వనవాసంలో ఉన్నారు. చిరంజీవి చేత తప్పు రాయించిన వాక్యం ఇదే. ఏడేళ్ళు అని కొలత చెప్పేశాక అది మూతపడ్డ పెట్టె, కాబట్టి "సొఁ రెస్తే సెత్ ఆఁ". ఆ ఏడేళ్ళ లోపలికి వెళ్ళి, అడవిలో ఏం తినేవాళ్ళు, ఎక్కడ పడుకునేవాళ్ళు అని చెబితే మళ్ళీ ఏంపర్ఫే. చివరికి కారంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది, పాసే కొంపోజే. "మూడుసార్లు రాయబారం పంపారు" అన్నా అంతే. లెక్కపెట్టిన పని ఎన్నిసార్లు జరిగినా ఏంపర్ఫేలోకి రాదు.

"-ఏవాడు" అన్న ఆనవాలు ఇంతవరకు బాగానే తోడొస్తుంది. ఆ తర్వాత మూడు చోట్ల నట్టేట ముంచుతుంది. గైడు పుస్తకాలు వీటిని ముట్టుకోవు.

మొదటిది తెలుసు, కావాలి, లేదు, ఇష్టం వంటి మాటలు. వీటికి తెలుగులో కాలమే లేదు. "అప్పట్లో మాచర్లకు బస్సు లేదు" అన్నా, "ఇప్పుడు బస్సు లేదు" అన్నా "లేదు" ఒక్కటే. ఫ్రెంచిలో మొదటిదానికి "ఇల్ న్యవె పా ద బ్యుస్" అని ఏంపర్ఫే వేసి తీరాలి. "నాకప్పుడు తెలుసు" అంటే "జ సవె". "నాకప్పుడు తెలిసింది" అంటే మాత్రం "జే స్యు", పాసే కొంపోజే, ఎందుకంటే తెలియడం ఒక క్షణంలో జరిగిపోయింది. ఈ జంటను తెలుగువాళ్ళు పట్టుకున్నంత సులువుగా ఇంగ్లీషువాళ్ళు పట్టుకోలేరు.

రెండోది "అని". "జ్వరంగా ఉంది అని చెప్పాడు" అనే వాక్యంలో తెలుగు అవతలివాడి మాటను వాడన్నట్టే, వర్తమానంలోనే ఉంచేస్తుంది. ఫ్రెంచి ఉంచదు. చెప్పడం గతంలో ఉంటే చెప్పిన మాటా వెనక్కి జరగాలి: "ఇల్ ఆ ది కిల్ అవె ద లా ఫియెవ్ర్". చిరంజీవి వ్యాసంలో ఇలాంటి వాక్యాలు నాలుగున్నాయి, నాలుగూ తప్పే.

మూడోది మరీ కొంటెది. "డబ్బుంటే పొలం కొనేవాణ్ణి" అన్నప్పుడు తెలుగులో "-ఏవాణ్ణి" ఫలితం వైపు చేరింది. ఫ్రెంచిలో ఏంపర్ఫే షరతు వైపు, అంటే "సి" ఉన్న వైపు ఉంటుంది: "సి జవె ద లర్జాఁ". ఫలితానికి కొందిసియొనెల్ అనే వేరే రూపం వస్తుంది: "జషెత్రె ఎఁ షాఁ". చెవికి చివర ఒకటిగానే తోస్తుంది, ఎందుకంటే కొందిసియొనెల్ కూడా ఏంపర్ఫే చివర్లనే అరువు తెచ్చుకుంది. తేడా వాటికి ముందొచ్చే ఆర్ అక్షరంలో ఉంది. "సి" వెనక ఆ "రె" రాకూడదు. తెలుగు వాక్యాన్ని ముక్కకు ముక్క దించితే కచ్చితంగా తలకిందులవుతుంది.

ఇక మిగిలినవి చిన్న వాడుకలు. అడగడంలో మర్యాదకు "జ వులె" అంటారు, కావలసింది ఇప్పుడే అయినా సరే. "సి" పెట్టి ఏంపర్ఫేతో ప్రశ్నగా ఆపేస్తే అది పిలుపవుతుంది: "సి ఒనలె ఆ కోటప్పకొండ?", కోటప్పకొండ వెళ్దామా అని. అప్పుడే ముగిసిన పనికి "వనె ద" వాడతారు: "ఇల్ వనె ద పర్తీర్", అతను అప్పుడే బయల్దేరాడు. నవలల్లో పాసే కొంపోజే చోట పాసే సేంప్ల్ అనే కాలం కనిపిస్తుంది. అది వచ్చినా దాని పక్కన ఏంపర్ఫే వాడే తీరు ఏమీ మారదు.