ఉపవాసం – ఒంటికి మేలెంత?



మనకు ఏడాది పొడవునా ఉపవాసాలు ఉన్నాయి. తొలి ఏకాదశికి ఉంటాం. నాగుల చవితికి ఉంటాం. అట్లతద్దినాడు చంద్రుణ్ణి చూసేదాకా ఉంటాం. కార్తీక సోమవారం చుక్క పొడిచేదాకా ఉంటాం. మహాశివరాత్రికి పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగారం. ఆ రోజు జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎంతోమంది ముక్త్యాల పోతారు. కృష్ణలో స్నానం చేస్తారు. ముక్తేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుంటారు.

"ఉప" అంటే దగ్గర. "వాసం" అంటే ఉండటం. ఉపవాసం అంటే దేవుడికి దగ్గరగా ఉండటం అని పెద్దలు చెబుతారు. అది భక్తికి సంబంధించిన సంగతి. ఉండాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది.

అయితే ఇంకో మాట కూడా వింటున్నాం. "ఉపవాసం ఉంటే రోగాలన్నీ పోతాయి" అంటున్నారు. సెల్‌ఫోన్లో వీడియోలు కూడా వస్తున్నాయి. ఈ మాటలో నిజమెంత? తెలుసుకుందాం.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. అదే మనకు శక్తి. మిగిలిన చక్కెరలో కొంత కాలేయం దాచుకుంటుంది. మనం తినకపోతే ఆ నిల్వను బయటికి తీస్తుంది. అది సుమారు ఒక రోజుకు సరిపోతుంది. తర్వాత ఒంట్లోని కొవ్వు కరగడం ఎక్కువవుతుంది.

అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషి, నీళ్ళు తాగుతూ, ఇంటిపట్టున ఉండి, ఒకపూట మానితే మామూలుగా ప్రమాదం లేదు.

"ఉపవాసంతో ఒంట్లో విషం పోతుంది" అంటారు. ఒంట్లో చెడును తీసేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. మనం తిన్నా తినకపోయినా అవి రాత్రీపగలూ ఆ పని చేస్తూనే ఉంటాయి. మూత్రపిండాలకు కావలసింది నీళ్ళు. నీళ్ళు కూడా మానేస్తే వాటికి కష్టమే.

"ఉపవాసానికి నోబెల్ బహుమతి వచ్చింది" అని కూడా చెబుతారు. అసలు సంగతి ఇది. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి ఆ బహుమతి వచ్చింది. మన శరీరం కంటికి కనపడని కణాలతో కట్టిన ఇల్లు. ఆ కణం తనలో పాడైన భాగాలను తానే అరిగించుకుని మళ్ళీ వాడుకుంటుంది. అది ఎలా జరుగుతుందో ఆయన కనిపెట్టారు. రొట్టెపిండిని పొంగించే ఈస్ట్ మీద పరిశోధన చేశారు. మనుషులు ఉపవాసం ఉంటే రోగాలు పోతాయని ఆ బహుమతి చెప్పలేదు.

రోజులో కొన్ని గంటలే తిని, మిగతా గంటలు మానితే లావుగా ఉన్నవాళ్ళు కొంత బరువు తగ్గుతారు. ఇది నిజమే. రోజూ కాస్త తక్కువ తిన్నా దాదాపు అంతే తగ్గుతారు. పైగా అది తిండి ఎక్కువైనవాళ్ళకు చెప్పిన మాట. తిండి తక్కువైనవాళ్ళకు పనికిరాదు.

మన సంగతి ఏమిటి?

మన ఇళ్ళల్లో అందరూ తిన్నాక మిగిలింది ఆడవాళ్ళు తింటారు. కూర అయిపోతే పచ్చడి మెతుకులే. ఇది ఉపవాసం అనిపించుకోని ఉపవాసం.

2019–21లో ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని తేలింది. అంటే సగం మంది కంటే ఎక్కువ.

కార్తీకమాసం మనకు పత్తి తీసే కాలం. శివరాత్రి మిరపకాయ కోసే కాలం. కూలి పోతుందని ఆ రోజు కూడా పనికి పోతాం. ఎండలో చెమట పడుతుంది. కడుపులో అన్నం ఉండదు. నీళ్ళూ ఉండవు.

పత్తిచేలో

వదిన: ఏమే, మొహం అట్లా వాడిపోయింది?

మరదలు: ఇవాళ కార్తీక సోమవారం గదా వదినా. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కళ్ళు తిరుగుతున్నాయి.

వదిన: నీకు ఐదో నెల గదే! ఎవరు ఉండమన్నారు?

మరదలు: ఎవరూ ఉండమనలేదు. కడుపులో బిడ్డకు మంచిదని పక్కింటావిడ చెప్పింది.

వదిన: నువ్వు తింటేనే బిడ్డకు తిండి. ముందు ఆ చెట్టు నీడకు రా. కూర్చో. ఈ బెల్లం తిను. నీళ్ళు తాగు.

మరదలు: వ్రతం చెడదా వదినా?

వదిన: నీళ్ళు, పాలు, పళ్ళు, దుంపలు, మందు – వీటితో వ్రతం చెడదని పాత శ్లోకమే ఉందంట. పంతులుగారు గుళ్ళో చెప్పారు. సాయంత్రం దీపం పెట్టుకో. శివుడు నీ భక్తి చూస్తాడు గానీ నీ ఖాళీ కడుపు చూడడు.

మరదలు: మరి కూలి?

వదిన: మేస్త్రితో నేను చెబుతాలే. రేపు ఆశా కార్యకర్త దగ్గరికి పోదాం. రక్తం పరీక్ష చేయిద్దాం.

ఎవరు ఉండకూడదు?

1. గర్భిణి, పాలిచ్చే తల్లి.
2. రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు.
3. షుగరు జబ్బుకు మాత్రలు, ఇంజెక్షన్లు వాడేవాళ్ళు.
4. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు.
5. చిన్నపిల్లలు, బాగా ముసలివాళ్ళు.

రంజాన్ నెలలో రోజా ఉండే మన ముస్లిం అక్కచెల్లెళ్ళకు కూడా జబ్బు చేసినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు మినహాయింపు ఉంది.

"లంఖణం పరమౌషధం" అని సామెత. కడుపు బరువుగా ఉండి ఆకలి లేనప్పుడు చెప్పిన మాట అది. పిల్లలకు విరేచనాలు అవుతుంటే మాత్రం పస్తు పెట్టకూడదు. పాలు, తిండి ఆపకూడదు. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పట్టాలి.

ఉండదలచుకుంటే ఎలా ఉండాలి?

మంచినీళ్ళు మానొద్దు. మజ్జిగ, పాలు, అరటిపండు, చిలగడదుంప తీసుకోండి. ఎండలో పని పెట్టుకోవద్దు. రోజూ వేసుకునే మాత్రలు సొంతంగా ఆపొద్దు. ముందే డాక్టరును అడగండి. ఉపవాసం విడిచేటప్పుడు గారెలు, పులిహోర ఒక్కసారే కడుపునిండా తినొద్దు. ముందు కొంచెం తినండి. ఫలహారం అంటే పళ్ళ ఆహారం. మనం దాన్ని పూరీ, ఉప్మా చేసేశాం!

ఇవి ప్రమాద గుర్తులు

కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం. వెంటనే చక్కెర నీళ్ళు గానీ బెల్లం నీళ్ళు గానీ తాగాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

రక్తం ఎంత ఉందో జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష చేస్తారు. హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 అయినా ఉండాలి. తగ్గితే ఐరన్ మాత్రలు ఇస్తారు. వాటిని టీతో వేసుకోకూడదు.

దేవుడి కోసం ఒక పూట మానడం మన ఇష్టం. మిగతా రోజుల్లో ఇంట్లో అందరితోపాటు కూర్చుని కడుపునిండా తినడం మన హక్కు.

చదవండి – చెప్పండి

1. ఉపవాసం అంటే అర్థం ఏమిటి?
2. పత్తిచేలో మరదలికి కళ్ళు ఎందుకు తిరిగాయి?
3. మీ ఇంట్లో అందరికంటే ఆఖరున ఎవరు తింటారు? ఎందుకు?

ఖాళీలు పూరించండి

1. రక్తంలో హిమోగ్లోబిన్ _____ గ్రాములు ఉండాలి.
2. ఉపవాసం ఉన్నా _____ మానకూడదు.
3. మనిషి స్పృహ తప్పితే _____ కి ఫోన్ చేయాలి.

చేసి చూడండి

మీ రక్తం పరీక్ష చేయించుకోండి. ఆ అంకెను మీ నోటుపుస్తకంలో మీ చేత్తోనే రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించి పక్కనే రాయండి. పెరిగిందా, తగ్గిందా? పక్కింటి అక్కకు కూడా చదివి చెప్పండి.