ముందు బ్రేకంటే భయమెందుకు?

హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ కొత్తగా స్కూటరెక్కిన వాళ్లకు ఇంట్లో పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్త ఒకటే: ‘ముందు బ్రేకు పట్టొద్దు, పల్టీ కొడతావు.’ సైకిళ్ల కాలం నాటి భయం అది. దాంతో చాలామంది ఏళ్ల తరబడి ఎడమచేతి బ్రేకుతోనే నెట్టుకొస్తారు. నిజానికి బ్రేకు పట్టగానే బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రం తేలికై పట్టు తప్పుతుంది, ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. బండిని ఆపే బలం ఎక్కువగా ఉన్నది కుడిచేతి కిందే. దాన్ని వాడటం అలవాటు చేసుకోవాలి.

మొదటి పని: బండిని చూసుకోవడం. డ్రమ్ము బ్రేకైతే లీవరు కొస దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్ల వదులు చాలు. అంతకు మించితే వెనక చక్రం దగ్గరున్న నట్టును కొద్దికొద్దిగా బిగించండి. సెంటర్ స్టాండు వేసి చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకూడదు. డ్రమ్ము మీద చిన్న గుర్తు, పక్కనే బాణం ముల్లు ఉంటాయి. బ్రేకు పట్టినప్పుడు ముల్లు గుర్తును చేరిందంటే షూలు అరిగిపోయినట్టే. ఇక నట్టు ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. కీచుమంటోందని డ్రమ్ములోనో డిస్కు మీదో నూనె చుక్క వేసే మహానుభావులున్నారు. ఆ బండి ఎక్కకండి. డిస్కు ఉంటే బ్రేకు ఆయిలు మట్టం చూడండి, రెండేళ్లకోసారి మార్పించండి. టైర్లలో గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ పుస్తకంలో రాసినంత ఉండాలి.

2019 ఏప్రిల్ తర్వాత కొన్న 125 సీసీ లోపు బండైతే దాదాపుగా సీబీఎస్ ఉంటుంది. ఎడమ లీవరు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. కొంతే. కుడి లీవరు పని దానికి ఉండనే ఉంది.

రెండో పని: చేతులు. రెండు లీవర్ల మీద రెండేసి వేళ్లు, మోచేతులు కాస్త వంచి, చూపు దూరంగా. కొత్తవాళ్లను పడేసేది ఇక్కడే: ఎక్సలేటరూ ముందు బ్రేకూ రెండూ కుడిచేతివే. కంగారులో ఎక్సలేటరు తిప్పుతూనే బ్రేకు పడతారు. ముందు ఎక్సలేటరు పూర్తిగా వదలండి, తర్వాతే లీవరు. ఇంట్లో బండి ఆపి ఉన్నప్పుడే ఈ వరస చేతికి అలవాటు చేయొచ్చు.

మూడో పని: సాధన. పొద్దున్నే ఖాళీగా ఉన్న గట్టి నేల, తిన్నని దారి చాలు. గంటకు 20 కిలోమీటర్లతో మొదలుపెట్టండి. రెండు బ్రేకులూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలెట్టి బిగిస్తూ పోవాలి, ఒక్కసారిగా లాగకూడదు. బండి ముక్కు కిందికి వంగడం తెలుస్తుంది, అప్పుడు కుడిచేతిని ఇంకొంచెం బిగించండి. హ్యాండిల్ తిన్నగానే ఉండాలి. వెనక చక్రం జారితే ఎడమ లీవరు కాస్త సడలించి మళ్లీ పట్టండి. ముందుది జారితే తక్షణం వదిలేయండి. చేతికి నమ్మకం కుదిరాక 30, ఆపైన 40.

వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకుతో 30లో ఏడు మీటర్లకు ఆగే బండికి 60లో దాదాపు 28 మీటర్లు కావాలి. కన్ను చూసి చెయ్యి కదిలే సెకనులోనే మరో 17 మీటర్లు పోతుంది. కియా ఫ్యాక్టరీ ఉన్న ఎర్రమంచి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిలో లారీ వెనకే అంటుకుని పోయేవాళ్లు ఈ లెక్క ఓసారి వేసుకోవాలి.

ఇక మన రోడ్ల సంగతి. కోతల కాలంలో పల్లెల దగ్గర రాగి కంకులు, ఉలవ కట్టె తారురోడ్డు మీదే పరిచేస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ చెత్త మీద బ్రేకు పడితే చక్రం రోడ్డునే తాకదు. దూరం నుంచే వేగం తగ్గించి, దాని మీదికి రాగానే లీవర్లు వదిలి నిదానంగా దాటండి. మలుపుల్లో ఇసుకకూ ఇదే పద్ధతి. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి చినుకులు దుమ్మునూ నూనెనూ కలిపి జారుడు చేస్తాయి. అప్పుడు రెట్టింపు దూరం ముందే బ్రేకు మొదలుపెట్టాలి. వాన నీళ్లలోంచి దాటాక, బండి కడిగాక, వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు రెండుమూడుసార్లు మెల్లగా పట్టి తడి ఆరనివ్వండి.

ధర్మవరం చీరల మూటలు, పాల క్యాన్లు, వెనక ఓ మనిషి: స్కూటరు ఎన్నో మోస్తుంది. బరువు పెరిగితే ఆపడానికి లీవరు ఇంకా గట్టిగా బిగించాలి, వెనకవాళ్లు మీ మీదికి తోసుకొస్తారు కూడా. సంచి హ్యాండిల్‌కు తగిలిస్తే లీవరుకు అడ్డుపడుతుంది, కొక్కేనికి తగిలించండి. కాళ్ల దగ్గర మూట పెడితే పాదాలు బయటికి వేలాడకుండా చూసుకోండి. ఇద్దరు ఎక్కేటప్పుడు వెనక టైరులో గాలి ఎక్కువ ఉండాలి. ఆ అంకె చాలా బండ్లలో స్టిక్కరు మీదే వేరుగా రాసి ఉంటుంది.